అక్క వంటిల్లు మారింది

ఆ ఇంట్లో నలుగురు. ఇంటాయన టైల్స్ మేస్త్రీ. పొద్దున్నే మోకాళ్ళకు కట్టుకునే రబ్బరు తొడుగులు సంచీలో వేసుకుని బయల్దేరితే, సాయంత్రం దాకా ఎవరింట్లోనో నేల మీద వంగే ఉంటాడు. భార్య కట్టుడు పళ్ళు చేసే ల్యాబులో పనిచేస్తుంది. మైనంతో దంతాలు చెక్కి, చిగుళ్ళ రంగు సరిచూసి, ఊరూ పేరూ తెలియని వాళ్ళ బోసినోళ్ళు నింపుతుంది. వీధిలో అందరూ ఆమెను పళ్ళమ్మ అంటారు. ఆ మాట విని పళ్ళ వ్యాపారం అనుకుని, డజను అరటిపళ్ళ కోసం తలుపు తట్టినవాళ్ళు కూడా ఉన్నారు. వాళ్ళకొక్కతే కూతురు, పదిహేనేళ్ళది. ఏ సంగతైనా రెండు వైపులా వాదించనిదే ముద్ద మింగదు కాబట్టి ఇంట్లో ఆమె పేరు లాయరమ్మ. నాలుగో మనిషి మేస్త్రీ అక్క.

పెళ్ళైన మూడో ఏడు భర్త పోతే అక్క తమ్ముడింటికి వచ్చింది. కొన్నాళ్ళుండి ఏదైనా పని చూసుకుంటానంది. ఇంతలో పళ్ళమ్మ నీళ్ళోసుకుంది. ఆమెకు వేవిళ్ళు. వంటింటి వాసన తగిలితే చాలు, కడుపులో తిప్పేసేది. అక్క గరిటె అందుకుంది. అలా అందుకున్న గరిటెను పదహారేళ్ళ పాటు కింద పెట్టలేదు.

మేస్త్రీకి కడుపులో మంట. అందుకని అక్క వంటలో కారం ఉండదు. పొద్దున ముగ్గురికీ మూడు డబ్బాలు సర్దేది. సాయంత్రం దుంపల సూపు, అన్నం, ఏదో ఒక కూర. అందరూ తినేదాకా పొయ్యి దగ్గరే నిలబడి, ఎవరికేం కావాలో వాళ్ళ మొహాలు చూసి వడ్డించేది. వాళ్ళు లేచి వెళ్ళాక తను తినేది. ఏం తినేదో, ఎంత తినేదో ఎవరూ చూడలేదు.

బయట తినడమంటే ఆ ఇంట్లో ఏడాదికి రెండే సార్లు. లాయరమ్మ పుట్టినరోజుకొకసారి, మేస్త్రీ దంపతుల పెళ్ళిరోజుకొకసారి. అప్పుడు కూడా అక్క వచ్చేది కాదు. "నాకు బయటి తిండి పడదు. మీరు వెళ్ళి రండి" అని తలుపేసుకునేది. ఆ రెండు సాయంత్రాలే ఆమెకు సెలవులని ఎవరికీ తట్టలేదు.

కింది వాటాలో ఒక పెద్దావిడ ఉండేది. ముప్ఫై ఏళ్ళు బస్సు కండక్టరుగా చేసి, రిటైరయ్యాక వచ్చిన డబ్బుతో బస్సు డిపో ఎదుట చిన్న హోటలు పెట్టుకుంది. ఆమెను అందరూ కండక్టరమ్మ అనే పిలుస్తారు. గొంతు మాత్రం రిటైరవలేదు. గిరాకీ ఎక్కువైతే "లోపలికి జరగాలి, లోపల చోటుంది!" అని అరిస్తే, తింటున్నవాళ్ళు కూడా కంచాలతో సహా జరిగేవారు.

ఆవిడకు మోకాలి ఆపరేషనైనప్పుడు పది రోజులు అక్కే పై నుంచి సూపు, అన్నం తీసుకెళ్ళి ఇచ్చింది. ఆ సంగతి కండక్టరమ్మ మరిచిపోలేదు. మరుసటేడు ఆవిడ హోటల్లో వంటాయన ఉన్నట్టుండి మానేశాడు. ఆవిడ కర్ర పొడుచుకుంటూ మెట్లెక్కి వచ్చి, వంటింటి గుమ్మంలో కూర్చుంది.

"అమ్మాయ్, నా దగ్గర వండుతావా? పొద్దున తొమ్మిదింటికి రావాలి, సాయంత్రం ఏడున్నరకు వెళ్ళిపోవచ్చు. సోమవారం సెలవు. జీతం ఒకటో తారీఖునే చేతిలో పెడతాను. నువ్వు కాదన్నా నేనేమీ అనుకోను."

అక్క కత్తిపీట మీద నుంచి లేవలేదు. "నేను హోటల్లో వండినదాన్ని కాదండీ."

"నలుగురికి వండినదానివి. నలభై మందికి గిన్నె పెద్దదవుతుంది, అంతే కదా."

రెండు రోజులు అక్క ఎవరికీ ఏమీ చెప్పలేదు. మూడో రోజు సాయంత్రం అందరూ తింటుంటే, చేతిలో గరిటెతో అలాగే నిలబడి చెప్పింది.

"మంగళవారం నుంచి నేను పనికి వెళ్తున్నా. కండక్టరమ్మ హోటల్లో వంటకి."

మేస్త్రీ చేతిలో ముద్ద చేతిలోనే ఆగిపోయింది. "ఎందుకక్కా? ఇక్కడ నీకేం తక్కువైంది? నీకు తిండి పెట్టలేకపోతున్నానా?"

"ఇన్నేళ్ళూ ఈ ఇంట్లో తిండి పెట్టింది నువ్వా, నేనా?"

కోపంగా ఏమీ అనలేదు. నిజంగానే అడిగినట్టు అడిగింది. లాయరమ్మకు పొలమారింది. పళ్ళమ్మ నవ్వాపుకోలేక కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మేస్త్రీ ఒక్కడే నవ్వలేదు.

"మరి మా సంగతేంటి వదినా?" అంది పళ్ళమ్మ.

"అదే ఆలోచించా. పొద్దున్నే లేచి మీకు వండిపెట్టి వెళ్దామనుకున్నా. కానీ రెండు చోట్లా వండే ఓపిక నాకు లేదు. ఏమీ అనుకోకండి. మీరే ఏదోటి చూసుకోవాలి."

మంగళవారం పొద్దున ఆమె జడ గట్టిగా ముడేసుకుని, చెప్పులు తుడుచుకుని, మెట్లు దిగి వెళ్ళిపోయింది.

మొదటి రెండు వారాలు ఆ ఇంట్లో సెలవుల్లాగా గడిచాయి. సాయంత్రం కాగానే లాయరమ్మ ఫోను చేతిలోకి తీసుకుని, జడ్జిలా సోఫాలో కూర్చునేది. "నాన్నా, నీ కోరికేంటి? అమ్మా, నీ వాదనేంటి?" ఒకరోజు నూడుల్స్, ఒకరోజు పిజ్జా, ఒకరోజు వేయించిన కోడి. ఎర్ర హెల్మెట్టు పెట్టుకున్న డెలివరీ మనిషికి ఎంత అలవాటైందంటే, బెల్లు కొట్టకుండా "నేనేనండీ" అనేవాడు. పళ్ళమ్మ పని నుంచి వచ్చి కాళ్ళు చాపుకుని కూర్చుని తింటూ, "అంట్లు కూడా లేవు, హాయిగా ఉంది" అంది. మేస్త్రీ మధ్యాహ్నాలు పని జరిగే చోటికి దగ్గర్లో ఏది దొరికితే అది తిన్నాడు. అక్క సాయంత్రం ఎనిమిదికి ఇంటికొచ్చేది. హోటల్లోనే తినేసి వచ్చేది కాబట్టి, కాళ్ళు కడుక్కుని, లాయరమ్మతో నాలుగు మాటలు మాట్లాడి పడుకునేది. చెత్తబుట్టలోంచి పొంగిపొర్లే అట్టపెట్టెలను చూసి కూడా పల్లెత్తు మాట అనలేదు.

నెల తిరిగేసరికి మేస్త్రీ కడుపు మొండికేసింది. తెల్లవారుజామునే లేచి మంచం మీద కూర్చుని గుండెలు రుద్దుకునేవాడు. మందుల సీసా సంచీలోకి, తొడుగుల పక్కకు చేరింది. పళ్ళమ్మకు బట్టలు బిగుతయ్యాయి. లాయరమ్మకు మొహం మీద మొటిమలు లేచాయి. రెండో నెలాఖరున పళ్ళమ్మ ఫోన్లో లెక్క చూసి, భర్తకు చూపించింది. తిండికైన ఖర్చు ఇంటి అద్దెను దాటింది.

"ఇంతా!" అన్నాడు మేస్త్రీ. "మనం ముగ్గురమేగా!"

"వదిన ఉన్నప్పుడు ఇందులో మూడో వంతు కూడా అయ్యేది కాదు. నలుగురం తిని."

"అయితే నువ్వు వండొచ్చుగా?"

"తొమ్మిది గంటలు నిలబడి జనాలకు పళ్ళు చెక్కి వస్తున్నాను. మీరు వండొచ్చుగా?"

"నేనూ తొమ్మిది గంటలు మోకాళ్ళ మీద ఉంటాను."

"చూశారా, మీరు మోకాళ్ళ మీద, నేను కాళ్ళ మీద. ఇక వండేదెవరు?"

ఆ ఆదివారం పళ్ళమ్మ పట్టుదలకు పోయి అన్నం వండింది. పైన పలుకు, అడుగున బొగ్గు. ముగ్గురూ మధ్య పొర తవ్వుకుని తిన్నారు. తిన్నాక మేస్త్రీ అన్నాడు, "అక్కను మళ్ళీ ఇంట్లోనే ఉండమని అడుగుదాం. ఆవిడకక్కడ వచ్చేదేదో మనమే ఇద్దాం."

"ఎంతిస్తావు నాన్నా?" అంది లాయరమ్మ.

మొగుడూ పెళ్ళాం ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పదహారేళ్ళుగా తింటున్న తిండికి ఏ అంకె వెయ్యాలో ఇద్దరికీ తెలియలేదు. చివరకు మేస్త్రీయే లేచాడు. "వెళ్ళి మాట్లాడతాను. ఇంట్లో అయితే అలసిపోయి ఉంటుంది. అక్కడికే వెళ్తాను."

అప్పటిదాకా అతను ఆ హోటలు వైపు వెళ్ళలేదు. దారిలో పడినా అవతలి పక్క నుంచి నడిచేవాడు. తన అక్క పదిమందికి వండిపెడుతోందంటే అతనికెక్కడో చిన్నతనంగా ఉండేది. ఆ బుధవారం డిపో వెనక వీధిలోనే పని తగిలింది. మధ్యాహ్నం రెండింటికి, మోకాళ్ళ నిండా సిమెంటు దుమ్ముతో, హోటల్లోకి అడుగుపెట్టాడు.

పది బల్లలు. డిపో మెకానిక్కులు, డ్రైవర్లు, ఎదురు ఆస్పత్రి నర్సులు. గల్లాపెట్టె వెనక నల్లపలక. దాని మీద కండక్టరమ్మ గుండ్రటి అక్షరాలతో ఆ రోజు వంటలు, పక్కనే ధరలు. అన్నిటికంటే పైన 'దుంపల సూపు' అని ఉంది. మేస్త్రీ ఆ ధర రెండుసార్లు చదివాడు. రోజూ సాయంత్రం టీవీ చూస్తూ తాగిన సూపు. ఎన్నోసార్లు సగం తాగి వదిలేసిన సూపు.

"రండి మేస్త్రీగారూ, లోపల చోటుంది!" అని అరిచింది కండక్టరమ్మ. ఆమెకు ఆశ్చర్యం కలిగినా బయటపెట్టలేదు.

అతను ఒక ముసలి మెకానిక్కు ఎదుట కూర్చుని సూపు, అన్నం, వేయించిన చేప చెప్పాడు. సూపు రాగానే అలవాటుగా పక్కన పెట్టి ఫోను తీశాడు.

"చల్లారనివ్వకండి" అన్నాడు మెకానిక్కు గొంతు తగ్గించి. "వంటావిడ చూసిందంటే వచ్చి నిలబడుతుంది. నిన్న నేను రుచి చూడకుండానే ఉప్పు చల్లుకుంటుంటే, మాట్లాడకుండా వచ్చి ఉప్పుసీసా పట్టుకుపోయింది."

"మీకు కోపం రాలేదా?"

"ఎందుకొస్తుందండీ? ఉప్పు సరిపోయింది."

మేస్త్రీ ఫోను జేబులో పెట్టి సూపు తాగాడు. అదే సూపు. కానీ చుట్టూ ఇరవై మంది దాన్ని శ్రద్ధగా, మాటలాపి తాగుతుంటే, ఎప్పుడూ తాగనిదేదో తాగుతున్నట్టుంది. వడ్డన కిటికీలోంచి అక్క కనబడుతోంది. తల మీద నీలం టోపీ. "ఆ పెద్ద మంట తగ్గించు, చేప ఎక్కడికీ పారిపోదు!" అని ఎవరికో చెబుతోంది. ఆ గొంతు కొత్తగా ఉంది. ఇంట్లో ఆమె ఎవరికీ పని చెప్పి ఎరగదు.

రెండున్నరకు గిరాకీ పల్చబడింది. అక్క టోపీ తీసి, తన కంచం తెచ్చుకుని, అంట్లు తోమే ఆవిడ పక్కన మూల బల్ల దగ్గర కూర్చుంది. తమ్ముడు వచ్చినట్టు ఇంకా చూడలేదు. చేపముక్క మీద నిమ్మకాయ పిండింది. ఎర్రగా ఎండుకారం చల్లింది. పక్కన రెండు పచ్చిమిరపకాయలు పెట్టుకుని, ఒకటి కసుక్కున కొరికింది. అంట్లావిడ ఏదో అంటే భుజాలు కదిలేలా నవ్వింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, కారానికో నవ్వుకో.

మేస్త్రీ అలాగే చూస్తుండిపోయాడు. అక్కకు కారమంటే ఇష్టం. పదహారేళ్ళు తన కడుపు కోసం ఆమె చప్పిడి తింది. ఆ సంగతి ఆమె చెప్పలేదు సరే, తనకెందుకు తెలియలేదు?

ఆమె తల తిప్పి చూసింది. చెయ్యి తుడుచుకుంటూ వచ్చింది. "ఏరా, నువ్వా! ఎప్పుడొచ్చావు? ఎలా ఉంది?"

వచ్చినవాళ్ళందరినీ అడిగినట్టే అడిగింది. అతను "బాగుంది" అన్నాడు. అన్నాక తట్టింది, ఆ మాట ఆమెతో ఎప్పుడన్నాడో గుర్తు లేదని.

"కడుపు మంట తగ్గిందా?"

"తగ్గిందక్కా."

"అబద్ధం. పొద్దున లేచి కూర్చోవడం నాకు వినబడుతూనే ఉంటుంది." ఆమె ఎదుటి కుర్చీలో కూర్చుంది. "ఊరికే రావు నువ్వు. చెప్పు, ఏంటి?"

దారి పొడుగునా కూడబలుక్కున్న మాటలన్నీ నోటి దాకా వచ్చాయి. వెనక బల్ల మీద ఆమె కంచంలో ఇంకొక మిరపకాయ మిగిలి ఉంది. 

"ఈ సూపు ఎలా చేస్తారక్కా?"

"ఎవరికి?"

"నాకే. నేర్చుకుందామని."

అక్క అతని మొహంలోకి కాసేపు చూసింది. అతను చెప్పాలనుకున్నది ఇది కాదని ఆమెకు అర్థమయ్యే ఉంటుంది. కానీ అడగలేదు. "లే. ముందు మోకాళ్ళు దులుపుకుని, మోచేతుల దాకా కడుక్కో. ఆ సిమెంటు నా వంటింట్లో రాలకూడదు."

"కస్టమర్లు లోపలికి పోకూడదమ్మోయ్!" అంది కండక్టరమ్మ గల్లా దగ్గర నుంచి.

"కస్టమరు కాదు, తమ్ముడు."

"తమ్ముడైనా టికెట్టు టికెట్టే. డబ్బులిచ్చి లోపలికి పొమ్మను."

అతను డబ్బులిచ్చి లోపలికి వెళ్ళాడు. అక్క ఉల్లిపాయలు సన్నటి మంట మీద వేసి చూపించింది. "తొందరపడితే మాడి చేదెక్కుతాయి. మెత్తబడి, రంగు మారేదాకా పొయ్యి దగ్గర నుంచి కదలకూడదు." మేస్త్రీ తల ఊపాడు. టైల్స్ మధ్య సందుల్లో నింపే సిమెంటు ముద్ద కూడా అంతే. తడి కాస్త ఆరాక తుడవాలి. ముందు తుడిస్తే లేచిపోతుంది, ఆలస్యమైతే రాయిలా పట్టేస్తుంది. తన పనిలో ఉన్న ఓపికే ఇక్కడా కావాలని అతనికి బోధపడింది. దుంపలు ఎప్పుడు వెయ్యాలి, నీళ్ళు ఎంత పొయ్యాలి, జీలకర్ర ఎందుకు చివర్లోనే దంచి వెయ్యాలి, అన్నీ అడిగాడు. తన సంచీలో ఉన్న సిమెంటు బస్తా అట్ట చించి దాని మీద రాసుకున్నాడు.

ఇంటికి వెళ్ళాక పళ్ళమ్మ అడిగింది. "ఏమంది?"

"అడగలేదు."

"మరి అంతసేపు ఏం చేశారు?"

"సూపు నేర్చుకున్నా."

పళ్ళమ్మకు ఒళ్ళు మండింది. ఆ కోపం ఆదివారం దాకా ఉంది. ఆదివారం అతను ఉల్లిపాయల ముందు నిలబడి, మంటను పెంచుతూ తగ్గిస్తూ, దుంప ఒకటి గుప్పెడంత, ఒకటి గోలీకాయంత కోస్తుంటే ఆమెకు చూస్తూ ఊరుకోవడం చేతకాలేదు. "ఇటివ్వండి, చేతులా అవి!" అని కత్తి లాక్కుంది. రోజంతా మైనంలో గింజంత తేడా లేకుండా చెక్కే చెయ్యి అది. దుంపలన్నీ ఒకే కొలతలో, వరసగా పడ్డాయి.

"అమ్మా, ఇవి దుంపలా, దవడ పళ్ళా?" అంది లాయరమ్మ.

సూపు పలచగా వచ్చింది. ఉప్పు ఎక్కువైంది. అయినా వేడిగా ఉంది. ఆ రోజు మేస్త్రీ కడుపు నోరెత్తలేదు.

అక్కడి నుంచి అంతా సవ్యంగా జరిగిపోయిందని కాదు. వారానికి మూడు రోజులు వండుకుంటే గొప్ప. ల్యాబులో పని ఎక్కువైన రోజున పళ్ళమ్మ చెప్పులు విప్పకుండానే సోఫాలో కూలబడి, "ఇవాళ ఎవరూ నన్ను దుంపల మాట అడగొద్దు" అనేది. ఎర్ర హెల్మెట్టు మనిషి వచ్చేవాడు. గిన్నెలెవరు తోమాలన్న దాని మీద లాయరమ్మ మూడు వారాలు కేసు నడిపింది. ఓడిపోయింది. తోమింది. అన్నం మాడిన రోజులూ, కూరలో ఉప్పు మరిచిన రోజులూ వచ్చాయి. ఖర్చు తగ్గింది కానీ అక్క ఇంట్లో ఉన్న రోజుల మట్టానికి దిగలేదు. అది ఇక దిగదని పళ్ళమ్మే అంది. "అప్పుడు చవగ్గా అయింది మనం పొదుపరులమని కాదండీ. వదిన ఉచితంగా చేసిందని."

మేస్త్రీ లేచి, మర్నాటికి దుంపలు కడిగి పెట్టాడు.

అయిదో నెలలో అక్క చెయ్యి కాలింది. వేడి నూనె మూకుడు దింపుతుంటే మసిగుడ్డ జారి, కుడి అరచెయ్యి, మణికట్టు బొబ్బలెక్కాయి. ఎదురు ఆస్పత్రిలో కట్టు కట్టి, రెండు వారాలు నీళ్ళు తగలకూడదన్నారు. కండక్టరమ్మ ఆటోలో తనే దింపి వెళ్ళింది. "జీతం ఆగదు. చెయ్యి మానకుండా వచ్చావంటే మాత్రం గుమ్మంలోంచే పంపించేస్తా" అని బెదిరించింది.

మొదటి రోజు అక్క మంచం మీద కుదురుగా ఉండలేకపోయింది. వంటింట్లో గిన్నె చప్పుడైతే లేచి వచ్చేది. "మూత పెట్టు, ఆవిరి పోతోంది. ఆ గరిటె కాదు, చెక్కది." రెండో రోజు కూడా అంతే. మూడో రోజు మేస్త్రీ వెనక్కి తిరిగి, తడిచేతులు నడుం మీద పెట్టుకున్నాడు.

"అక్కా, కస్టమర్లు వంటింట్లోకి రాకూడదు. నడు."

ఆమె వెళ్ళి బల్ల దగ్గర కూర్చుంది.

"ఏం తింటావు చెప్పు. నువ్వేదంటే అది చేస్తాను" అన్నాడు లోపల నుంచి.

వినబడలేదేమో అనుకుని తొంగిచూశాడు. అక్క కట్టు కట్టిన చేతిని ఒళ్ళో పెట్టుకుని ఆలోచిస్తోంది. ముగ్గురూ ఎదురుచూశారు. ఆలోచిస్తూనే ఉంది.

"నాకేం కావాలో తెలియట్లేదురా" అంది చివరకు, కొంచెం సిగ్గుపడుతూ. "మీకేం కావాలో అయితే చిటికెలో చెప్తాను. నన్నెప్పుడూ ఎవరూ..." అని ఆగిపోయింది. తిట్టినట్టవుతుందని కాబోలు, మాట పూర్తి చెయ్యలేదు.

పళ్ళమ్మ ఆమె పక్కన కూర్చుంది. ముడి వేసుకోలేక చెదిరిన ఆమె జుట్టు దువ్వడం మొదలుపెట్టింది. దువ్వుతూ, "తొందరేం లేదు వదినా. ఆలోచించుకో. సాయంత్రం దాకా టైముంది" అంది.

సాయంత్రానికి అక్క చెప్పింది. "గుడ్లు. టమాటాల్లో వేసి. బాగా కారంగా."

మేస్త్రీ తన వాటా విడిగా తీసి, మిగతాదాంట్లో లాయరమ్మ ఆపమనేదాకా కారం వేశాడు. పళ్ళమ్మ ముద్దలు కలిపి పెట్టింది. మొదటి ముద్దకే అక్క ముక్కు ఎర్రబడింది. "ఎలా ఉంది?" అని ముగ్గురూ ఒకేసారి అడిగారు.

"గుడ్డు ఎక్కువ ఉడికింది" అంది అక్క. "పెట్టు."

గిన్నె ఖాళీ చేసింది.

ఆ రెండు వారాలూ ఆమె కోరికలు ఒక్కొక్కటిగా బయటపడ్డాయి. మాగిన అరటిపండు పనికిరాదు, కాస్త పచ్చిగా ఉండాలి. అన్నం కంటే రొట్టె ఇష్టం. టీలో పంచదార రెండు చెంచాలు కావాలి, ఇన్నాళ్ళూ ఒకటే వేసుకునేది. లాయరమ్మ వాటన్నిటినీ సాక్ష్యాల్లా నోటుపుస్తకంలో రాసింది.

కట్టు విప్పే ముందు రోజు కండక్టరమ్మ చూడటానికి వచ్చింది. హోటల్లో తను వండిన సూపు చూసి మెకానిక్కులు ఆస్పత్రి క్యాంటీనుకు పోతున్నారని మొత్తుకుంది. అంతలోనే నాలుక కరుచుకుని, మేస్త్రీ వైపు చూసింది. "మీ అక్కను తొందరపెడుతున్నాననుకోకు నాయనా. ఇంట్లోనే ఉంటానంటే ఉండనీ."

అది తను అడగాలనుకుని అడగలేకపోయిన మాట. ఇప్పుడు ఎవరో పళ్ళెంలో పెట్టి అందిస్తున్నారు. మేస్త్రీ అక్క వైపు చూశాడు. ఆమె కళ్ళు తలుపు పక్క కొక్కేనికి వేలాడుతున్న నీలం టోపీ మీద ఉన్నాయి. అది నిన్ననే ఉతికి ఆరేసింది, ఎడం చేత్తో.

"ఉండదండీ" అన్నాడు. "ఎల్లుండి నేనే దింపుతాను. నా పని అటువైపే."

చెప్పినట్టే ఆ రోజు పొద్దున ఇద్దరూ కలిసి డిపో దాకా నడిచారు. మలుపులో విడిపోతూ అక్క, "ఈసారి మసిగుడ్డలు మందంగా ఉన్నవి కొనమన్నా ఆవిడను" అంది. "మంచిది" అన్నాడు.

ఆ సాయంత్రం ఏడింటికి ఇంట్లో ఫోను మోగింది. లాయరమ్మ తీసింది.

"ఏం వండారే?" అంది అక్క. వెనక కండక్టరమ్మ గొంతు వినబడుతోంది. "ఇవాళ ఇక్కడ నా వంట నాకే తినబుద్ధి కావట్లేదు. నాకు కొంచెం ఉంచండి, వచ్చి తింటాను."

లాయరమ్మ ఫోనుకు చెయ్యి అడ్డం పెట్టి తల్లిదండ్రుల వైపు చూసింది. ఆ రోజు ఎవరూ వండలేదు. మేస్త్రీ నడుం పట్టేసి పడుకున్నాడు. పళ్ళమ్మ కాసేపటి క్రితమే వచ్చింది. అట్టపెట్టెలు అప్పుడే బల్ల మీదకు చేరాయి. మేస్త్రీ కంగారుగా లేచి కూర్చుని, "సూపు పెడతామని చెప్పు, అరగంటలో అయిపోతుంది" అన్నాడు.

"అబద్ధాలు చెప్పడం నా వల్ల కాదు" అని లాయరమ్మ చెయ్యి తీసేసింది. "అత్తా, ఇవాళ బయటి నుంచి తెప్పించాం."

"ఏం తెప్పించారు?"

"నూడుల్స్."

"సరే," అంది అక్క, "అవే ఉంచండి. నేనెప్పుడూ తినలేదు."

ఎనిమిదికి వచ్చి, కాళ్ళు కడుక్కుని, వాళ్ళ ముగ్గురి మధ్య కూర్చుంది. ఆమె వచ్చేదాకా ఎవరూ పెట్టెలు విప్పలేదు. లాయరమ్మ కారం సీసా తెచ్చి ముందు పెట్టింది. నూడుల్స్ ఫోర్కుకు చుట్టడం చేతకాక, అక్క చివరకు చేత్తోనే తీసుకుని, తల వెనక్కి వంచి నోట్లోకి జార్చుకుంది. లాయరమ్మ నవ్వీ నవ్వీ కుర్చీలోంచి జారింది. పళ్ళమ్మ కూడా ఫోర్కు పక్కన పడేసి అలాగే తినడం మొదలుపెట్టింది.

"ఎలా ఉన్నాయి వదినా?"

"నూనె ఎక్కువ. ఉల్లిపాయ సరిగా వేగలేదు. ఇందులో కూరముక్క ఎక్కడుందో వెతుక్కోవాలి." అక్క పెట్టె తిప్పి, అడుగున అంటించిన బిల్లు దూరంగా పట్టుకుని చదివింది. కళ్ళు పెద్దవయ్యాయి. "దీనికి ఇంత పెట్టారా?"

మేస్త్రీ తల దించుకున్నాడు. తిట్టు పడుతుందనుకున్నాడు.

"రేపు కండక్టరమ్మతో మాట్లాడాలి" అంది అక్క, మళ్ళీ పెట్టెలో చెయ్యి పెడుతూ. "మా సూపు ధర మరీ తక్కువగా ఉంది."